ఓబులమ్మ పండ్లపొడి ఆయప్ప

మొన్న నంద్యాలలో పండ్ల డాక్టరు దగ్గరికి పోయాను. ఆ డాక్టరమ్మ నా నోట్లోకి చిన్న లైటు వేసి, అద్దం పెట్టి అటూ ఇటూ చూసి, "తాతా, ఈ వయసులో ఇన్ని పండ్లా! చిన్నప్పుడు దేంతో తోముకునేవాళ్ళు?" అని అడిగింది. నోట్లో అద్దం పెట్టి ప్రశ్న అడిగితే మనిషి ఏం చెబుతాడు? "ఆ" అన్నాను. అద్దం తీశాక, "కథతో తోముకునేవాణ్ణమ్మా" అన్నాను. ఆమె నా పండ్లను వదిలేసి నా తలకాయ వైపు అనుమానంగా చూసింది.

ఆ కుర్చీలో వెల్లకిలా పడుకున్నంతసేపూ నాకు ఆయనే కనబడ్డాడు. పేరు చెప్పను. చెప్పినా ఎవరూ గుర్తుపట్టరు. ఆళ్ళగడ్డ సంతలోనే ఆయన పేరు తెలిసినవాళ్ళు లేరు. అందరికీ ఆయన 'ఓబులమ్మ పండ్లపొడి ఆయప్ప'. తొందరలో ఉన్నవాళ్ళు అందులో సగం మింగేసి 'ఓబులమ్మ' అనేవాళ్ళు. బస్సు కండక్టరు కూడా, "ఓబులమ్మ ఎక్కిందా? అయితే పోనీ" అనేవాడు. ఆరడుగుల మనిషి, బుగ్గల దాకా మీసం, ఆ పేరుతో పిలిస్తే ఏ మాత్రం నొచ్చుకోకుండా పలికేవాడు.

అది కర్నూలు మనకు రాజధాని అయిన కొత్త. నాకు ఆళ్ళగడ్డలో సంత మైదానం పక్కన గోలీసోడా అంగడి ఉండేది. అయిదో తరగతిలోనే నాకు చదువు చాలనిపించింది. మా అయ్యవారికి అంతకంటే ముందే చాలనిపించింది. ఆ రకంగా ఇద్దరం సంతోషంగా విడిపోయి, నేను సోడాలోకి దిగాను.

సంత రోజు నంద్యాల బస్సు దిగి, గోనెసంచి భుజాన వేసుకొని వచ్చి, ఆయన నా అంగడి ముందరే కూర్చునేవాడు. చుట్టూ ఎన్ని గొంతులనుకున్నారు! పాముల మందువాడు డోలు కొట్టేవాడు. గాజులవాడు అరిచేవాడు. ఈయన మాత్రం నోరు తెరిచేవాడు కాదు. గోనెపట్ట పరిచి, పొట్లాలు పేర్చి, వాటికేసి చూస్తూ పెద్దగా నిట్టూర్చేవాడు. దారిన పోయేవాడు ఆగి, "ఏమప్పా, ఏమైంది?" అనేవాడు.

"ఏం లేదులేప్పా. ఓబులమ్మ ఇంట్లో ఏం బాగలేదు."

ఇంకేముంది! ఆ మనిషి అక్కడే గొంతు కూర్చునేవాడు. ఇంకొకరింట్లో బాగలేదంటే మన కాళ్ళు ముందుకు సాగుతాయా?

ఓబులమ్మ ఎవరయ్యా అంటే, ఓ పెద్ద రైతింటి ఇల్లాలు. ముసలితనం మీద పడినా ఒక్క పన్ను కదలలేదు. చెరుకుగడను కొడవలి లేకుండా చీల్చేది. ఎవరింట్లో సంబంధం చూడబోయినా ముందు పిల్లవాడి నోరు తెరిపించి చూసేది. కోడలితో రోజూ యుద్ధం. మొగుడు పెద్దాయన నోట్లో నాలిక లేనివాడు, ఏమడిగినా "నాకేం తెలుసే" అనేవాడు. పండ్లపొడిని ఆమే తన రోట్లో తన చేత్తో దంచి పంపుతుందని ఈయన చెప్పేవాడు. పొట్లం మీద ఆమె బొమ్మ ఉండేది. నుదుటి నిండా ఎర్రటి బొట్టు, నోటి నిండా పండ్లు.

నిజానికి ఆ పొడి దంచేది ఈయనే. నంద్యాల రైలు స్టేషను వెనక ఒక కొట్టం బాడుగకు తీసుకొని, లవంగాల ఘాటుకు తుమ్ముకుంటూ దంచేవాడు. నేను కళ్ళారా చూసి, "ఓబులమ్మా, మీసాలు ఎప్పుడొచ్చినాయి?" అని ఏడిపించాను. "నిజంగా ఓబులమ్మ ఎవరన్నా?" అని కూడా అడిగాను.

"నాకేం తెలుసప్పా? ఇంకా చెప్తానే ఉండా కదా" అన్నాడు.

జనం కూడినాక, పోయిన సంతలో ఆపిన కథ అందుకోవడానికి తలగుడ్డ సర్దుకొని, "యాడ నిలబెట్టినాం?" అనేవాడు. ఎవరూ నోరు తెరవకముందే తనే, "ఆ, కోడలు అలిగి పుట్టింటికి పోయింది కదా" అనేవాడు. తేనెపట్టు మీద రాయి పడినట్టే. "పోలేదప్పా! గడపకాడ నిలబడుకుంది!" "మూట కట్టింది గానీ పోలే!" "పెద్దాయన అడ్డం పడినాడు కదా!" అని సంత సంతంతా లేచేది. ఆయన నాలిక కరుచుకొని, "అవునవును. మీకు తెలిసినంత నాకు తెలీదు" అని, అప్పుడు మొదలుపెట్టేవాడు.

పాపం మతిమరుపు మనిషని నేను చాలా రోజులు జాలిపడ్డాను. ఒకరోజు సోడా ఇస్తూ, "అన్నా, పొడి మానేసి జ్ఞాపకానికి ఏదన్నా లేహ్యం చేసుకోరాదా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "నేను మరిచిపోతేనే కదప్పా వాళ్ళు గుర్తుపెట్టుకుండేది. అంతా నేనే సరిగ్గా చెప్తే వాళ్ళకు పనేముంది ఈడ? ఇండ్లకు పోతారు."

తప్పు పట్టడంలో అందరికంటే ముందుండేది మిరపకాయలక్క. నా అంగడికి ఆ పక్కన ఎండు మిరపకాయలు అమ్మేది. మొగుడు పోయి చాలా ఏండ్లయింది. నుదురు బోసి, చేతులు బోసి, గొంతు మాత్రం ఆమె సరుకంత ఘాటు. "కోడలు కట్టింది పచ్చ చీరప్పా, ఎర్రదని ఎందుకు అబద్ధం చెప్తాండావ్?" అని మూటల మధ్య నుంచే కేక వేసేది. చూసి వచ్చినట్టే!

ఇంకో వింత ఏమంటే, ఆయన కొనమని ఏనాడూ అనలేదు. పైగా అమ్మనని మొరాయించేవాడు. "పోయిన సంతలో తీసుకుంటివి కదా పెద్దాయనా, అప్పుడే అయిపాయనా? పండ్లు తోముతాండావా, గోడకు పూస్తాండావా? ఉండేది అయిపోనీ, పో." ఆ తిట్టు తిన్నవాడు అది తనకు జరిగిన సన్మానమైనట్టు ఊరంతా చెప్పుకునేవాడు.

"ఓబులమ్మది ఏ ఊరప్పా?" అని అడిగితే, "బస్సు పోని ఊరు" అనేవాడు. ఆ రోజుల్లో బస్సు పోని ఊళ్ళకు కొదవా? వెలుగోడువాళ్ళు ఆమెది కొలిమిగుండ్ల పక్క అనుకునేవాళ్ళు. కొలిమిగుండ్లవాళ్ళు వెలుగోడు పక్క అనుకునేవాళ్ళు. కథలో ఒకసారి మామిడితోట వచ్చిందని బనగానపల్లెవాళ్ళు ఆమె తమ ఆడబిడ్డేనని తేల్చేశారు. ఆమెకని ఊరగాయ తెచ్చి ఇచ్చేవాళ్ళు, రవికగుడ్డ తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఊరగాయ ఈయన కొట్టంలో ఖాళీ అయ్యేది. వచ్చే సంతకు కథలో ఓబులమ్మ అన్నం తింటూ, "ఈ ఆవకాయ పెట్టిన చేతికి బంగారు కడియం తొడగల్ల" అనేది. ఆ ఊరగాయ తెచ్చినామె ఆ పూట మైదానంలో నడిచిన నడక మీరు చూడాలి.

అన్నట్టు, ఆయన నోట్లో ముందరి పండ్లు రెండు లేవు. పండ్లపొడి అమ్మేవాడికి ఇంతకంటే తలవంపులు ఏముంటాయని నేను ఎగతాళి చేస్తే, "నేను అమ్ముతాండేది నా పండ్లు కాదప్పా, ఓబులమ్మ పండ్లు" అన్నాడు.

ఇంతలో రాజధాని హైదరాబాదుకు పోయింది, ఆళ్ళగడ్డకు మోటారు వచ్చింది. ఏదో పట్నం కంపెనీ పండ్లపొడి మోటారు. నెత్తిన మైకు, లోపల గ్రామఫోను, పక్కన టోపీ పెట్టుకున్న మనిషి. అడిగినవాడికీ అడగనివాడికీ చిన్న చిన్న రేకు డబ్బాలు ఉత్తపుణ్యానికి పంచాడు. డబ్బా మీద నవ్వుతున్న దొరసాని. సంతకు సంతకు వచ్చేది ఆ మోటారు. ఓబులమ్మ చుట్టూ జనం పలచబడ్డారు. మిగిలినవాళ్ళ చెవి కూడా ఒకటి పాటవైపే ఉండేది.

ఒక సాయంత్రం ఇద్దరం ఒకే బస్సులో నంద్యాలకు పోతున్నాం. ఆయన అంతకుముందు నంద్యాలలో దూది మిల్లులో పనిచేసి, ఆ దుమ్ముకు రొమ్ము చెడి దగ్గుతూ బయటపడ్డవాడు. "ఈ పొడి పోతే మళ్ళీ మిల్లే గతి. మళ్ళీ ఆ దుమ్ములోకి పోతే ఈ రొమ్ము ఎక్కువ రోజులు ఆడదప్పా" అన్నాడు. నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు. ఆయనే సంచి ఒళ్ళోకి లాక్కొని, "ఒక సావు కావల్ల" అన్నాడు.

"ఎవురిది?"

"పెద్దాయన్ది. వచ్చే సంతలో చంపేస్తా. మైదానం నిండిపోతాది, చూడు."

శిరివెళ్ళలో ఎక్కి మా వెనక సీట్లో కూర్చున్న రైతు మెల్లగా లేచి ముందుకు పోయి, కండక్టరు చెవిలో ఏదో చెప్పాడు. కండక్టరు తిరిగి చూసి, "ఆయప్పనా? ఏం భయంలేదులే రెడ్డీ, ఓబులమ్మ మొగుణ్ణి గురించి మాట్లాడుకుంటాండారు" అన్నాడు.

రైతు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "పెద్దాయన్నా! ఎందుకప్పా? ఆయన ఏం చేసినాడు? ఎవురి జోలికీ పోడు కదా! ఏమడిగినా నాకేం తెలుసే అంటాడు, పాపం!" అని మా మీదికి కొట్లాటకు వచ్చాడు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని చంపుతారనుకున్నప్పుడు కండక్టరు చెవిలో ఊది ఊరుకున్నవాడు, ఓబులమ్మ మొగుడని తెలిసేసరికి నంద్యాల దాకా మమ్మల్ని కూర్చోనివ్వలేదు.

ఆయన మాత్రం అన్నంత పనీ చేశాడు. కథలో పెద్దాయన పొలం నుంచి వచ్చి, మంచంలో పడుకొని, నీళ్ళడిగాడు. కోడలు చెంబు తెచ్చింది. "ఎట్లుండాదయ్యా?" అని ఓబులమ్మ అడిగింది. "నాకేం తెలుసే" అన్నాడు పెద్దాయన. అంతే. మైదానంలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మగవాళ్ళు తలగుడ్డలు తీశారు. అవతల మోటారులో గ్రామఫోను హుషారుగా పాడుతోంది. నలుగురు రైతులు కర్రలు పట్టుకొని పోయి, "ఏమప్పా, ఈడ పీనుగ లేచుంటే పాటలు పెడతాండావా? నీకు అమ్మానాయన ల్యారా?" అన్నారు. టోపీ మనిషికి ఏమీ అర్థం కాలేదు. అయినా కర్రలు చూసి పాట ఆపి, టోపీ తీసి, వాళ్ళతోపాటు నిలబడ్డాడు.

ఆ రోజు పొట్లాలు ఒక్కటీ కదల్లేదు. దుఃఖంలో ఉన్నారులే అనుకున్నాం.

తరువాతి సంతకు మైదానం మళ్ళీ నిండింది. ఆయన పొట్లం చేతికి ఎత్తి ఇస్తున్నాడు. తీసుకునేవాళ్ళు లేరు. శిరివెళ్ళ రైతే చెప్పాడు: "ఎట్ల తీసుకుంటామప్పా? పొడి దంచేది ఓబులమ్మ కదా. ఇంట్లో మైల ఉండాది. మైల్లో రోలు ముట్టుకుంటాదా?"

నేను నవ్వు ఆపుకోలేక సోడాబుడ్డి వెనక దాక్కున్నాను. ఆయన నవ్వలేదు. ఓబులమ్మ తన చేత్తో దంచుతుందని ఇన్నేండ్లు చెప్పింది తనే. ఇప్పుడు కాదంటే కథంతా కూలిపోతుంది. "సరేప్పా, దినాలు కానీండి" అన్నాడు. వచ్చే సంతకు పెద్దాయన దినాలు. జనం బియ్యం తెచ్చారు, బెల్లం తెచ్చారు, నా అంగడి వెనక పొయ్యి పెట్టి వండారు. కథలో దినాలు, విస్తళ్ళలో అన్నం. ఆ రుచి చూడ్డానికి టోపీ మనిషి కూడా పంక్తిలో కూర్చున్నాడు.

మైల పోయింది కదా అని ఆయన మళ్ళీ పొట్లం ఎత్తాడు. చేతులు ముందుకు వచ్చి, బొమ్మ చూసి, వెనక్కు పోయాయి. ఒక ముసలాయన గొంతు తగ్గించి, "బొట్టుండాదే బొమ్మకు? మొగుడు పోయినాంక బొట్టేంది?" అన్నాడు.

"తీయిస్తాలే" అన్నాడు ఈయన.

"తీపిస్తే మటుకు? పొద్దున్నే లేస్తానే ముట్టుకుండేది పండ్లపొడి. పొద్దున్నే మొదట చూసే మొగం..." అని ఆ ముసలాయన ఆపేశాడు. మిగతాది అందరికీ తెలుసు.

అప్పుడు అర్థమైంది మాకు. ఆయన చంపింది మొగుణ్ణి. పోయింది ఓబులమ్మ. నమ్మించడం ఆయనకు చేతనైనంతగా ఇంకెవరికీ చేతకాదు. ఆ నమ్మకమే ఇప్పుడు ఆయన గొంతు పట్టుకుంది. "పెద్దాయనకు కవల తమ్ముడున్నాడని చెప్పన్నా" అన్నాను, నాకు తోచిన వైద్యం నేను చేస్తూ. "ఊరుకోప్పా. దినాలు తిన్న జనం, ఒప్పుకుంటారా?" అన్నాడు. మిల్లులో పాత మేస్త్రీని కలిసి వచ్చానని కూడా చెప్పాడు. ఆ మాట చెబుతూ దగ్గాడు.

ఆ పై వారం సంతకు సంచి తెచ్చాడు గానీ విప్పలేదు. నిట్టూర్చలేదు. "యాడ నిలబెట్టినాం?" అన్నాడు. తప్పు చెప్పి కవ్వించలేదు. ఆ పూట నిజంగానే తెలియక అడిగాడు.

"నేను చెప్తా" అంది మిరపకాయలక్క. మూటల మధ్య నుంచి లేవను కూడా లేవలేదు. "దినాలు అయిపోయినాయి. తిన్నోళ్ళంతా ఎవురిండ్లకు వాళ్ళు పోయినారు. తెల్లారింది. ఓబులమ్మ లేసింది."

"లేసి?" అన్నాడు ఆయన.

"లేసి ఏం చేస్తాది? వాకిట్లోకి రాబోయింది. ఎదురింటాయప్ప చేనికి పోతాండాడు. నేను ఎదురైతే తిట్టుకుంటాడని తలుపెనక నిలబడుకుంది. ఆయప్ప పోయినాడు, ఇంకొకడు వచ్చినాడు. వాడు పోయినాడు, సరుకు కొనుక్కపోయే మారుబేరగాడు వచ్చినాడు. పొద్దెక్కేదాకా అట్లనే నిలబడుకుంది. నేను ప్రతి సంతకూ ఎందుకు ఆలస్యంగా వస్తాండానో మీలో ఎవురన్నా ఏనాడన్నా అడిగినారా?"

ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

"నిలబడీ నిలబడీ కాళ్ళు పీకినాయి. ఊరికే ఎందుకుండల్లని రోలు ముందర కూసునింది. రోకలికి తెలుస్తాదా బొట్టుందో లేదో? నా మిరపకాయలు మీ కూరల్లో మండకుండా ఉండాయా?"

శిరివెళ్ళ రైతు నసిగాడు. "అది కాదు మే. పొద్దున్నే..."

"పొద్దున్నే ఏంది రెడ్డీ? మీ నాయన పోయినాంక పొద్దున్నే నిన్ను లేపి, నోట్లో ఏలు పెట్టి పండ్లు తోమించింది ఎవురు? ఎదురింటోళ్ళా?"

మిరపకాయలక్క లేచి కొంగు దులుపుకొని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. సంచిలో చెయ్యి పెట్టి పొట్లం తీసింది. బొటనవేలు తడి చేసుకొని బొమ్మ నుదుటి మీద రుద్దింది. ఎర్రసిరా కొంచెం చెదిరింది, బొట్టు పోయింది. "ఇప్పుడు సరిపోయింది. దుడ్లు తీసుకోప్పా, ఊరికే వద్దు" అంది.

జనం వెనక నుంచి ఇంకొకామె వచ్చింది. తలమీద కొంగు, బోసి నుదురు. ఆ వెనక ఇంకొకామె. మా సంతలో అలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. వాళ్ళు ఎప్పుడూ ముందు వరసలో నిలబడేవాళ్ళు కారు. ఒక్కొక్కరూ పొట్లం తీసుకోవడం, వేలు తడిపి బొట్టు తుడవడం, పోవడం. చివరికి శిరివెళ్ళ రైతు కూడా వచ్చాడు. ఆయన తుడవలేక పొట్లం చేతిలో పట్టుకొని అలాగే నిలబడ్డాడు. మిరపకాయలక్క లాక్కొని తుడిచి ఇచ్చింది.

ఆ వారమే ఆయన నంద్యాల అచ్చాఫీసులో కొత్త బొమ్మ చెక్కించాడు. బొట్టు లేదు, పండ్లు మాత్రం అన్నీ ఉన్నాయి. తోడుగా నేనూ పోయాను. అచ్చాఫీసాయన ఆ బొమ్మ చూసి, "ఇది వద్దప్పా, నా మాట విను, మునిగిపోతావ్" అన్నాడు. "కథ నాది కాదప్పా ఇప్పుడు. వాళ్ళు ఎట్ల చెప్తే అట్ల కొట్టల్ల" అన్నాడు ఈయన.

మోటారు ఆ ఎండాకాలం దాకా వచ్చి తర్వాత మానేసింది. డబ్బా మీది దొరసాని అందగత్తే, కాదనను. కానీ ఆమెకు మొగుడు లేడు, కోడలు లేదు, ఊరగాయ తెచ్చి ఇచ్చే దిక్కు లేదు. ఈయన మిల్లుకు పోలేదు. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఊళ్ళలో జనం మళ్ళీ ఓబులమ్మ పొడి వాడారు. తెల్లారి లేస్తూనే గూట్లో చెయ్యి పెట్టి, బోసి నుదుటితో నవ్వుతున్న ఆడమనిషి మొహమే మొదట చూశారు. చూసి, పండ్లు తోముకొని, చేనికి పోయారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ యేడు జొన్న కూడా బాగానే పండింది.